బండి కదలకుండా గెలిచిన పందెం

ఆ రోజుల్లో ఆర్మూర్‌లో పెరిగిన పిల్లలకు పసుపు వాసన అంటే ఏమిటో తెలిసేది కాదు. అది లేని గాలి ఎలా ఉంటుందో మేం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు మరి. మా ఇంట్లో పుస్తకాల అంచులు పసుపు, దిండు గలీబులు పసుపు, తెల్ల ఓణీ ఏదైనా కొంటే నెల తిరక్కుండా అదీ పసుపే. మా బాపు అడ్తి వ్యాపారి. రైతులు తెచ్చిన పసుపు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం ఆయన పని. దానికి తోడు సొంతానికి కొంత సరుకు కొని, ధర పెరిగేదాకా గోదాంలో నిలవ పెట్టేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా రెండు పసుపు కొమ్ములు మాత్రం తప్పకుండా ఉండేవి. ఏదైనా గట్టిగా ఆలోచించాల్సి వస్తే ఒక కొమ్ము తీసి టక్కున విరిచేవాడు. ఆ చప్పుడు వినిపించిందంటే ఇంట్లో అందరం మాట్లాడడం ఆపేసేవాళ్ళం. ఇక ఇప్పుడు నేను చెప్పబోయేది నా గొప్ప. ముందే చెబుతున్నాను, ఇందులో వినయం కోసం వెతక్కండి. నా జీవితంలో ఇంత గొప్పగా చెప్పుకోదగ్గ పని ఇంకోటి లేదు, దీన్ని కూడా తగ్గించి చెబితే ఇక మిగిలేదేముంది?

బాపు తమ్ముడు, అంటే మా చిన్నాయన, పసుపు వ్యాపారంలో ఇమడలేదు. బస్తా వాసన తగిలితే తుమ్ములు (నిజం తుమ్ములో, పని తప్పించుకునే తుమ్ములో దేవుడికెరుక). తొంభైలలో ఒక ఏడు ఆయన హైదరాబాద్ పోయి ఒక కలర్ టీవీ, దానికి తగిలించే వీడియో గేమ్ పెట్టె, నాలుగు కేసెట్లు తెచ్చి, మా ఇంటి ముందరి గదిలో పార్లర్ తెరిచాడు. నాలుగు కేసెట్లలో మూడింటిని జనం వారంలోనే వదిలేశారు. నాలుగోది కారు పందేల ఆట. ఊరు ఊరంతా దాని మీదే పడింది. ఆ ఆటలో ఊరికే కారు తోలితే సరిపోదు. పందెం గెలిస్తే డబ్బులొస్తాయి, ఆ డబ్బులతో టైర్లు, ఇంజన్లు, కొత్త కార్లు కొనుక్కోవాలి. అన్నిటికన్నా పైన ఒక ఎర్ర కారు ఉండేది. దాని ధర నలభై వేలు. ఆర్మూర్‌లో ఎవరూ దాన్ని తోలలేదు. తోలుతామని మాత్రం ప్రతి ఒక్కరూ ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞల పుణ్యాన, ఆట చేతిపెట్టె మీది తెల్ల మీటలు అందరి వేళ్ళూ తగిలి మూడు నెలల్లో నిమ్మపండు రంగుకు తిరిగాయి.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ పొద్దుటిపూట. మధ్యాహ్నం అన్నం తినగానే చిన్నాయన కునుకు తీసేవాడు, పార్లర్ నాకు అప్పజెప్పి. ఆ వేళకు గిరాకీ ఉండదు కాబట్టి నేనే ఆడేదాన్ని. నా డ్రైవింగ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రెండో మలుపులో ఒక పెట్రోల్ బంకు బొమ్మ ఉండేది. నేను దాన్ని గుద్దకుండా దాటిన రోజు లేదు. మరమ్మతులకే ఉన్న డబ్బంతా ఊడ్చుకుపోయేది. ఒక రోజు చేతిలో చిల్లిగవ్వ లేక, ఆ తెర మీది టైర్ల దుకాణంలో నా వాన టైర్లను అమ్మకానికి పెట్టాను. రెండు వందలకు కొన్న టైర్లకు దుకాణంవాడు ఐదు వందలు ఇచ్చాడు! బయట ఆకాశం బొమ్మ చూస్తే వాన. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎండ ఉన్నప్పుడు వాన టైర్లు చవక, వాన పడితే ప్రియం. పసుపు వ్యాపారి కూతురికి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

తర్వాత నెల రోజులు నా మధ్యాహ్నాలన్నీ పరిశోధనకే పోయాయి. పందెం మొదలు కాగానే ‘వదిలేస్తున్నాను’ అనే మీట నొక్కితే జరిమానా లేదని కనిపెట్టాను. ఒక జెండా ఊగుతుంది, బాకా మోగుతుంది, రెండు నిమిషాలకు వచ్చే వారం వస్తుంది, టైర్ల ధర మారుతుంది. గ్యారేజీలో ఇరవై జతలు పడతాయి. ఎండలో నింపు, వానలో ఖాళీ చెయ్యి. కారు తాళం తియ్యనక్కర్లేదు, పెట్రోల్ బంకును గుద్దనక్కర్లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మంచి సరుకు ఏ ఊళ్ళో దొరుకుతుందో అడ్తి ఇళ్ళలో పక్కింటివాళ్ళకు చెప్పరు కదా.

ఇంతలో రెండు గండాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది బాపు. గోదాం నిండా పోయినేటి పసుపు ఉంది. ధర పెరుగుతుందని పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో నెలకు కొత్త పంట రావడం మొదలవుతుంది, దానికి చోటు కావాలి. "నీ ఆటల దుక్నం ఎత్తెయ్ రా. బస్తాలకు జాగా లేక నేనేడుస్తుంటే నీకు గీ టీవీ పెట్టెలు కావల్సొచ్చినయా?" అన్నాడు. చిన్నాయన బతిమాలాడు. "అన్నా, జర ఆగే. గిప్పుడిప్పుడే గిరాకీ వస్తుంది. ఒక్క నెల సూడు." బాపు కొమ్ము విరిచి, "నెలే. గిరాకీ లేకుంటే బస్తాలు దించుత," అని వెళ్ళిపోయాడు.

రెండో గండం భీమ్‌గల్ నుంచి ఆదివారం బస్సులో దిగింది. అతన్ని అందరూ స్పీడన్న అనేవారు. మనిషి సన్నగా ఉండేవాడు, కాలర్ పైకి లేపుకునేవాడు, ఆడేటప్పుడు మలుపు వస్తే తనూ ఆ వైపుకు ఒరిగిపోయేవాడు (బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్ళు రెండుసార్లు కింద పడ్డారు). అతను మా ఊరి వీరులందరినీ ఓడించి, "ఆర్మూర్ల తోలేటోడే లేడు," అనేసి నవ్వాడు. చిన్నాయనకు రోషం పొడుచుకొచ్చింది. "గంట సేపు ఆట. ఎవలు ఎక్కువ పైసలు జమ జేస్తే వాళ్ళు గెలిచినట్టు. నువ్వు గెలిస్తే గీ కేసెట్ నీదే. మేం గెలిస్తే నీ దోస్తులందర్ని పట్టుకొని ప్రతి ఐతారం మా పార్లర్‌కే రావాలె," అని పదిమందిలో మాట ఇచ్చేశాడు. ఆ కేసెట్ పోతే పార్లర్ పోయినట్టే, పార్లర్ పోతే గదిలో బస్తాలు దిగినట్టే. సాయంత్రం చిన్నాయన తల పట్టుకుని గడపలో కూర్చుంటే నాకు జాలేసింది.

"నేనాడత చిన్నాయనా," అన్నాను.

"నువ్వా? పెట్రోల్ బంకుకు నిన్ను జూస్తెనే గుబులు పుడుతది బిడ్డా!"

"నేను బండి తోలను. పైసలు సంపాయిస్త. నువ్వు పెట్టిన పందెం పైసలకే గద?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వేరే దారి లేదు కాబట్టి ఒప్పుకున్నాడు. పదిమంది మగపిల్లల మధ్య ఆడపిల్ల కూర్చుని ఆడడమేమిటని మా నాయనమ్మ, అదే బాపమ్మ, గొణిగింది కానీ, కేసెట్ పోతుందని తెలిశాక తనే వచ్చి నా పక్కన పీట వేసుకుని కాపలా కూర్చుంది.

మరుసటి ఆదివారం. కరెంటు పదింటికి వచ్చి పన్నెండున్నరకు పోతుంది, కాబట్టి పదిన్నర నుంచి గంట స్పీడన్నకు, ఆపైన గంటకు కాస్త తక్కువైనా సరే నాకు అని ఒప్పందం. కరెంటు పోతే ఆటలో సంపాదించిందంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఆ పెట్టెకు జ్ఞాపకశక్తి లేదు. స్పీడన్న ఆడాడు. ఆడాడంటే మామూలుగానా! చూస్తుంటే నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. వరసగా ఫస్టులు. గంట ముగిసేసరికి నలభై ఒక్క వేలు. "ఎర్ర బండి కొను అన్నా!" అని అతని దోస్తులు అరిచారు. అతను తెర మీది ఆ కారును ఒక్క క్షణం ఆశగా చూసి, "ముందుగాల కేసెట్ గెల్వనియ్యుండ్రి," అని లేచాడు.

నేను కూర్చున్నాను. మొదటి పందెం, జెండా ఊగింది, వదిలేశాను. టైర్ల దుకాణం. ఐదు జతలు కొన్నాను. రెండో పందెం, వదిలేశాను. దుకాణం. పది నిమిషాలకు జనం ఆవలింతలు మొదలుపెట్టారు. "గిదేం ఆటే చెల్లె? బండి ఎక్కుతలేవు, తోల్తలేవు!" అని స్పీడన్న అడిగాడు. "మా బండి ఖరాబైంది అన్నా," అన్నాను. అందరూ నవ్వారు. వాన వచ్చింది. అమ్మాను. మళ్ళీ ఎండ, మళ్ళీ కొనడం, మళ్ళీ వాన. అరగంటకు పదిహేను వేలు దాటేసరికి నవ్వులు ఆగిపోయాయి. బెంచీ మీద వెనక్కి వాలినవాళ్ళు ముందుకు వంగారు.

అదే సమయానికి బాపు వచ్చాడు. బస్తాలకు గది కొలుచుకుందామని చేతిలో టేపు పట్టుకుని. జనాన్ని చూసి ఆగి, తెర వంక చూశాడు. కార్లు ఆయనకు కనిపించనే లేదు. కనిపించింది ధర ఒక్కటే. "రెండొందల పది... గిదేం సరుకు బిడ్డా?"

"వాన టైర్లు బాపు."

"ఎక్కడిదాక పోతది?"

"వాన పడితే ఐదొందలు."

బాపు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బాపమ్మ పీట పక్కకు జరిగింది, ఆయన నేల మీద చతికిలబడ్డాడు. ఇక అక్కడి నుంచి పార్లర్ మార్కెట్ యార్డు అయిపోయింది. "తీస్కో, తీస్కో, గిప్పుడే తీస్కో!" "ఆగు, అమ్మకు!" అని బాపు ఒకటే గోల. చిన్నాయన నోరు తెరుచుకుని అన్నను చూస్తున్నాడు. గోడ గడియారం పన్నెండూ ఇరవై ఆరుకు చేరింది. నా దగ్గర ముప్పై ఆరు వేలు, గ్యారేజీలో ఇరవై జతలు. పందెంలో నగదుకే లెక్క, సరుకుకు లేదు. తెర మీద మబ్బు కమ్ముకుంది. జత ధర మూడు వందలు. ఇంకొక్క వారం నడిపే సమయం మాత్రమే ఉంది.

"మబ్బు పట్టింది, వాన పక్కా. ఆగు బిడ్డా, ఐదొందలొస్తది," అన్నాడు బాపు.

మీట మీద బొటనవేలు ఆనించి లెక్క వేశాను. ఇప్పుడు అమ్మితే నలభై రెండు వేలు, గెలుస్తాను. ఆగితే వాన పడొచ్చు, అప్పుడు ఇంకా గొప్పగా గెలుస్తాను. కానీ గొప్పగా గెలవాలని పందెంలో ఎవరూ అనుకోలేదు. వాన పడకపోతే కేసెట్ పోతుంది. పదిహేడేళ్ళలో బాపు మాట కాదన్నది లేదు. కళ్ళు మూసుకుని అమ్మేశాను.

"అయ్యో! తొందరపడితివి గదనే!" అని బాపు నుదురు కొట్టుకున్నాడు. నలభై రెండు వేలు. చిన్నాయన ఎగిరిన ఎగురుకు బెంచీ కాలు విరిగింది. "జర ముందుకు నూకు. ఎంత పోగొట్టుకున్నమో సూద్దాం," అని బాపు పట్టుబట్టాడు. నూకాను. జెండా ఊగింది, బాకా మోగింది. తెర మీద నిగనిగలాడే ఎండ. జత ధర నూట యాభై.

గదిలో టక్కుమని కొమ్ము విరిగిన చప్పుడు.

స్పీడన్నే ముందు తేరుకున్నాడు. "గెలిచినవ్ చెల్లె. మాట మాటే, ప్రతి ఐతారం వస్తం," అన్నాడు. చిన్నాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇంక ఎర్ర బండి కొను బిడ్డా! ఒక్కసారి తోలు, అందరం సూస్తం!" అన్నాడు. కార్ల దుకాణానికి పోయాను. ఎర్ర కారు మెరుస్తూ తిరుగుతోంది. నలభై వేలు. కొంటావా అని అడిగింది ఆట. చెప్పిన ధరకు చెప్పినట్టు కొనడమా? మా ఇంటావంటా లేదు. ‘వద్దు’ నొక్కాను.

"రేటు దిగినంక కొంట," అన్నాను.

"నేనైతే కొంటుంటి చెల్లె," అన్నాడు స్పీడన్న. ఆ మాట పూర్తి కాకముందే కరెంటు పోయింది.

మర్నాడు పొద్దున బాపు ఎవరితో ఏమీ అనకుండా గోదాంలోని పాత పసుపంతా అమ్మేశాడు. నెల తిరిగేసరికి కొత్త పంట వచ్చి ధర దబ్బున పడింది. ఆ సంగతి కూడా ఆయన నోటితో అనలేదు. గోదాంలో చోటు చిక్కింది, పార్లర్ గదిలోకి ఒక్క బస్తా దిగలేదు. భీమ్‌గల్ దోస్తులతో అది ఆదివారం ఆదివారం కిటకిటలాడుతూ ఇంకా నాలుగేళ్ళు నడిచింది. ఆపై ఏడాది పసుపు సీజనులో ఒక రోజు చాయ్ తాగుతూ బాపు ఒక కొమ్ము నా ముందు పెట్టి, "ఏమంటవ్ బిడ్డా? ఆగుదామా, అమ్ముదామా?" అని అడిగాడు. నాకు ఇద్దరు అన్నలున్నా, వాళ్ళను ఆయన ఎన్నడూ అలా అడగలేదు. నేను ఆ కొమ్మును అందుకుని, ఆయనలాగే టక్కున విరిచి, "అమ్ముదాం బాపు," అన్నాను. అప్పటి నుంచీ ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న నాకే వచ్చేది.

ఇప్పుడు ఆ అడ్తి నేనే చూసుకుంటున్నాను. యార్డులో నా పేరు చెబితే నాలుగు మాటలు మంచిగానే అంటారు. పోచంపాడ్ రోడ్డు మీద నా కారులో నెమ్మదిగా పోతుంటే వెనక నుంచి ఏ కుర్రాడో హారన్ మోగించి దాటేస్తాడు, నేను నవ్వుకుంటాను. కానీ ఆ కుర్రాడి బండి ఎర్రదైతే మాత్రం కాస్త గుండె కలుక్కుమంటుంది. కరెంటు పోయే ముందు రెండు నిమిషాలు, చేతిలో నలభై రెండు వేలు, కళ్ళ ముందు తిరుగుతున్న ఆ కారు. రేటు దిగుతుందని కూర్చున్న ఆ పదిహేడేళ్ళ పిల్ల పక్కన ఇప్పుడు నాకో పీట దొరికితే, చెవిలో ఒకే మాట చెప్పాలని ఉంది: కొనుక్కోవే పిచ్చిదానా, ఆ బంకును ఎర్ర బండితో ఒక్కసారి గుద్దితే ఏం పోయింది!