మూడో దుకాణం దాటేలోపు

దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బేరం తెగక వెళ్లిపోయే గిరాకీని పిలవాలో వద్దో ఆయన వాళ్ల నడక చూసి తేల్చేసేవాడు. విసవిసా పోయేవాళ్లు నిజంగానే పోతున్నట్టు. వెనక్కి చూడకుండా నింపాదిగా పోయేవాళ్లు పిలుపు కోసం పోతున్నట్టు. "మూడో దుకాణం దాటకముందే పిలువాలె బిడ్డా," అనేవాడు. చదువు సంగతేమో గానీ, ఆ విద్య నాకు బాగానే అబ్బింది.

ఆయన దుకాణం తీసేసి ఊరికి వెళ్లాక, నేను ఎల్బీనగర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. గుంటూరు వైపు నుంచి కంప్యూటర్ కోర్సుకు వచ్చిన అమ్మాయి నాతో ఉండేది. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే ఆమె క్లాసూ లేదు, నా ఆఫీసూ లేదు. ఒకే బల్లకు చెరోవైపు రెండు లాప్‌టాప్‌లు. నెట్ డేటాకార్డు ఒక్కటే. సిగ్నల్ కోసం దాన్ని పొడుగు వైరుతో కిటికీకి వేలాడదీసేవాళ్లం. ప్రింటర్, మౌస్, ఛార్జర్ల వైర్లు వేరే. ఒకరోజు ఆమె టీ గ్లాసు పెట్టబోతే వైరు చేతికి తగులుకుని నా లాప్‌టాప్ బల్ల అంచుదాకా జారింది.

"ఏంటే ఇది, కాకి గూడులా!" అంది.

వైర్లన్నీ ఒకేచోట గుచ్చుకునే యూఎస్‌బీ హబ్ కొందామని దిల్‌సుఖ్‌నగర్ నడిచి వెళ్లాం. సగం దించిన షట్టర్ కింద వంగి ఓ దుకాణంలోకి దూరాం.

"గింత డబ్బాకు గంత రేటా అన్నా?"

"బంద్ రోజు తీసిన అక్కా, జర సమజ్ చేస్కో."

"బంద్ రోజు మేం గాకపోతే ఎవరొస్తరన్నా నీకు?"

నా ధర చెప్పి బయటికి నడిచాను. ఆమె గబగబా నడుస్తూ రెండుసార్లు వెనక్కి చూసింది. చెయ్యి గిల్లాను. "ఎనకకు చూడకు. మెల్లగ నడువు. మనకు గావాలని తెలిస్తే ఇంక పిలుస్తడా?"

"పిలవకపోతే?"

"పిలుస్తడు."

పిలిచాడు. ఇంటికొచ్చి చూస్తే హబ్‌కున్న నాలుగు కన్నాల్లో ఒకటి పనిచేయలేదు. "నువ్వు తగ్గించింది ఆ కన్నం ధరేనే," అని వారం రోజులు నవ్వింది.

మిగిలిన మూడింట్లో మౌస్, ప్రింటర్, డేటాకార్డు పెట్టాం. ఛార్జర్లు పోను, బల్ల మీద ఇక హబ్ వైరు ఒక్కటే. పని ఉన్నవాళ్లు దాన్ని తమ లాప్‌టాప్‌కు పెట్టుకోవాలి. "ఇటియ్యవే." "ఆగు, ఒక్క పేజీ." రోజంతా ఇదే. సాయంత్రం నేను చౌరస్తాలో నినాదాలిచ్చి గొంతు పోయి వస్తే, ఉప్పు వేసి వేడినీళ్లు ఇచ్చేది. "ఎవరి మీద అరిచావే ఇంతలా?" అనేది. నేను ఆ నీళ్లు పుక్కిలించేదాన్ని.

తర్వాత వాళ్ల ఇంట్లోవాళ్లు వచ్చేయమన్నారు. బస్సులు తిరిగిన ఒక పొద్దున ఆమె బ్యాగు భుజాన వేసుకుని, బల్ల దగ్గర నిలబడి, ఆ వైరు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అడిగింది.

"మరి, వెళ్లనా?"

ఉండమనాలని నోటిదాకా వచ్చింది. కావాలని తెలియనిస్తే బేరం పోయినట్టే అని పెరిగినదాన్ని కదా. "నీ ఇష్టం. నాకేంది, బల్లంత నాకే," అన్నాను.

బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డాను. కిరాణా దుకాణం దాటింది. టైలర్ దుకాణం దాటింది. నింపాదిగా నడుస్తోంది. వెనక్కి చూడటం లేదు. ఆ నడక నేను నేర్పిందే. చౌరస్తాలో అంత అరిచిన గొంతు ఆ కొంచెం దూరానికి లేవలేదు. ఆమే తిరిగి చూస్తుందని కాచుకుని ఉండగానే జిరాక్స్ దుకాణం కూడా దాటి, చౌరస్తా వైపు తిరిగిపోయింది.

రాత్రికి ఫోన్ చేసి, "చేరినవా?" అని మాత్రం అడిగాను. "చేరాను," అంది.

వైరు కొస బల్లకు ఆమె వైపే పడి ఉంది. దాన్ని నావైపు లాక్కోబుద్ధి కాలేదు. ప్రింటర్‌తో పని పడ్డప్పుడల్లా, నా లాప్‌టాప్‌నే అటు మోసుకెళ్లి ఆమె కుర్చీలో కూర్చునేదాన్ని.