బేతంచెర్లలో నా బండి ఇంటి గృహప్రవేశం

నా సిద్ధాంతాల్లో చాలావాటికి సహజ మరణమే ప్రాప్తించింది. ఒక్కటి మాత్రం బేతంచెర్లలో, పట్టపగలు, ఒక ముసలమ్మ చేతిలో హతమైంది. ఆ ఘోరం చెబుతాను. నవ్వే హక్కు పాఠకులకుంది. జాలిపడే హక్కు లేదు.

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్దికాలంలోనే నేను కాలేజీ వక్తృత్వ పోటీల్లో వెలిగాను. కరువు సీమలో ఒకరింటికి అతిథిగా వెళ్లడం సాంఘిక దోపిడీ అని వాదించి గెలిచాను. గెలిచి ఊరుకుంటే సరిపోయేది. ఆచరించబూనాను. మా మేనమామ యుద్ధకాలపు మిలిటరీ వ్యానొకటి వేలంలో కొని, అందులో బల్లమంచాలు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డబ్బా అమర్చి దానికి ఇల్లని పేరు పెట్టాడు. చలికాలం సెలవుల్లో ఆ ఇంట్లోనే మిత్రుల ఊళ్లు తిరగాలనీ, ఎవరింటా మెతుకు ముట్టరాదనీ తీర్మానించాను. బండి నడపవలసిన మామ వ్యతిరేకించాడు. ఆయనకు ఓటు లేదన్నాను.

మొదటి మజిలీ బేతంచెర్లలో నా ప్రాణమిత్రుడు ఓబులేసు ఇల్లు. వాకిట్లో వ్యాను నిలిపి, కుశలప్రశ్నలు కాగానే స్టవ్వు వెలిగించాను. వాళ్లవ్వ మాకోసం సంగటి కెలికి, కోడికూర చేసి కాచుకుని ఉందని ఓబులేసు చెప్పాడు. నేను సహేతుకంగా నిరాకరించాను.

మా సీమలో వాకిటిదాకా వచ్చి ఆ ఇంట్లో చెయ్యి కడగనివాడు పగవాడైనా కావాలి, కులం పట్టింపులవాడైనా కావాలి. కుల నిర్మూలన మీద బహుమతులందుకున్న మేధావికి ఈ ముక్క తట్టలేదు. చుట్టుపక్కల అరుగులు నిండాయి. వచ్చినవాడు నీళ్లు కూడా ముట్టలేదట, ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగే ఉంటుందట అని తీర్పులు వెలువడ్డాయి. ఓబులేసు ముఖం నాపరాయిలా బిగుసుకుంది.

"ఇంగ కాలేజీలో నాతో మాట్లాడొద్దు. నువ్వెవరో నేనెవరో" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అవ్వ బయటికొచ్చింది.

"ఏం నాయనా, మా ఇంటి కూడు నీకు పడదా?"

"అట్లా కాదవ్వా. నేను అతిథినే కాను. ఇది నా ఇల్లు. మీ ఎదుట కాపురముంటున్న పొరుగువాణ్ణనుకోండి."

"ఈ బండి నీ ఇల్లే అంటావు."

"నిస్సందేహంగా."

"శానా మంచిది. కొత్తగా కాపురమొచ్చినోళ్లింటికి మేం రాకుంటే బాగుండదు గదప్పా."

ప్రత్యర్థి ఇంత సులువుగా ఒప్పుకుంటే భయపడాలని మా కాలేజీలో నేర్పలేదు. అవ్వ లోపలికెళ్లి కొడుకుల్ని, కోడళ్లను, మనవళ్లను వెంటబెట్టుకొచ్చి వ్యానెక్కించింది. వ్యాను ఈననున్న బర్రెలా మూలిగింది. మోకాలికి మోకాలు ఆనించి అందరూ సర్దుకున్నాక అవ్వ, "ఇంటికొచ్చినోళ్లకు కూడు పెడతావా, ఊరికే పంపుతావా?" అంది.

వండాను. యాత్రంతటికీ తెచ్చుకున్న బియ్యం వండాను. ఒక వాయి ఉడికేలోగా ముందు వాయి మాయమయ్యేది. ఓబులేసు గోడవైపు తిరిగి, నేను ఎవరో తెలియనట్లే తిన్నాడు. చివరికి నవ్వాపుకోలేక పొలమారి, "ఉప్పు తక్కువుండాది రా" అన్నాడు. ఆ 'రా' వినగానే నా ప్రాణం లేచివచ్చింది.

డబ్బా అడుగు కనిపించాక అవ్వ చెయ్యి కడుక్కుని, "నీకేం మిగల్లేదు గదా. ఇంగ పొరుగింటికి రా నాయనా, సంగటి చల్లారిపోతాండాది" అంది.

ఆ సంగటి నేనెట్లా తిన్నానో చెప్పను. అడగకపోయినా మామ చెబుతాడు.

సిద్ధాంతం పోయినా స్నేహం దక్కిందని మురుస్తూ, ఇకమీదట బుద్ధిగా అతిథిగానే ఉంటానని నిశ్చయించుకుని, మరునాడు ఆలూరులో హనుమంతు అనే మిత్రుడి ఇంటికి చేరాము. కానీ బేతంచెర్ల నాపరాళ్ల లారీలు మాకన్నా ముందే వార్తను చేరవేశాయి. హనుమంతు బంధువర్గమంతా ఇంటి ముందు విస్తళ్లు వేసుకుని బారుగా కూర్చుని ఉంది. మా డబ్బాలో గింజ లేదు.

హనుమంతు నాయన లేచి ఎదురొచ్చి, "రాప్పా. నీ ఇంట్లో వంట శానా బాగుంటాదంట గదా" అన్నాడు.

కనుక అధ్యక్షులవారి అనుమతి లేకుండానే, సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ సిద్ధాంతం గెలిచినా దాన్ని బహుమతి కప్పుతోపాటు కాలేజీ బీరువాలోనే పెట్టి తాళం వేయిస్తాను. ఊళ్లు తిప్పను.