మడమలు కలిపి నిలబడ్డ బొమ్మలు

సార్జంటు రోజూ ఐదున్నరకల్లా షెడ్డు తలుపు తీసి, తాను చెక్కిన కర్రబొమ్మల మీద దుమ్ము తుడుస్తాడు. మొత్తం ఇరవై మూడు. బట్టలుతికే మనిషి, రొట్టెలు కాల్చే మనిషి, బిడ్డనెత్తుకున్న తల్లి. ఏ పనైనా దేవుడి ముందు ప్రార్థనేనన్న నమ్మకంతో, సైన్యం నుంచి వచ్చిన పదకొండేళ్లలో చెక్కినవి.

ఆ రోజు మాత్రం గుడ్డ ముట్టుకోలేదు. ప్రార్థనా మందిరం గుమ్మం పక్క అరుగు మీదికి పెద్దలు అతని బొమ్మల్ని కాదని వేరేవాడి బొమ్మను ఎంచుకున్నారు. ఆ వేరేవాడు ఒకప్పుడు అతని దళంలోనే జుట్టు కత్తిరించిన బార్బర్.

"వాడు ఉలి పట్టి రెండేళ్లు కాలేదు!"

"టీ చల్లారిపోతోందండీ," అంది భార్య. "మీ కడుపుమంట మీద పెట్టి వేడి చేసుకోండి. ఇంతకీ ఆ బొమ్మని చూశారా?"

"చూసేదేముంది!"

పదింటికల్లా తప్పులు పట్టడానికి మందిరం దగ్గరున్నాడు. బుట్ట దించుకుని మెట్టు మీద చతికిలబడ్డ ముసలమ్మ బొమ్మ అది. ఒక చెయ్యి రెండోదానికన్నా పొడుగు. సార్జంటు ప్రాణం లేచివచ్చింది. అంతలో కూరలమ్మే ఆవిడ లోపలికి వెళ్తూ ఆగి, "నీకూ కాళ్లు లాగుతున్నాయా తల్లీ?" అంటూ బొమ్మ మోకాలు నిమిరింది. సార్జంటు కడుపు మళ్లీ భగ్గుమంది. అతని ఇరవై మూడింటిలో ఒక్కదాన్నీ ఇంతవరకు ఎవరూ అలా ముట్టుకోలేదు.

బార్బర్ వచ్చాడు. "చెయ్యి పొడుగైంది కదా సార్?"

"అయింది. బొమ్మ ఒళ్లు ఇలా వాల్చడం ఎక్కడ నేర్చావు?"

"నేర్చేదేముంది? నా కుర్చీలో కూర్చుంటే ఎవరైనా ఇట్టే వాలిపోతారు. మీరొక్కరే మెడ వంచేవారు కాదు. మీ చెవుల వెనక కటింగ్ ఒక్కసారీ కుదరలేదు సార్."

ఇంటికొచ్చి షెడ్డులో నిలబడి చూశాడు. ఇరవై మూడు మందీ మడమలు కలిపి, ఛాతీ విరిచి నిలబడి ఉన్నారు. తల్లి బిడ్డను తుపాకీలా పట్టుకుంది.

"వీళ్లంతా కవాతులో ఉన్నట్టు నీకెప్పుడైనా అనిపించిందా?" అని భార్యనడిగాడు.

"మొదటి బొమ్మప్పుడే. చెబితే వింటారా మీరు?"

కొత్త దుంగ దొర్లించుకొచ్చాడు. "అలా కూర్చో. మామూలుగా."

ఆవిడ గోడకు జారగిలబడి కాళ్లు బార్లా చాపింది.

"నడుం నిటారు..." అనబోయి నాలుక కరుచుకున్నాడు.

మందిరం గుమ్మానికి రెండో పక్క అరుగు ఇంకా ఖాళీగానే ఉంది. దాని వెడల్పు నాలుగు జానలు. వచ్చేముందు కొలుచుకొచ్చాడు.