మూడో గదికి నా లూసర్న్

ఐన్ రబియా ఒయాసిస్‌లో బెల్‌గాసెమ్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఊరి బళ్ళో ఐదో తరగతితో ఆపేసినా, దానిమ్మల పోటీలో మొదటి బహుమతి ఏటేటా నా ఇంటికే వచ్చేది. కాలువ నీటి వంతుల తగాదా తీర్చింది నేను. నా మడిలోని లూసర్న్ గడ్డి కోసం పక్క ఊళ్ళ గొర్రెలవాళ్ళు కూడా వచ్చేవారు. వీటన్నిటికన్నా పెద్ద ఘనత, నా తమ్ముడి కూతురు మెహ్రజియాను పెంచడం. ఈ కథ ఆమెది.

తండ్రి సముద్రంలో పోయాక నా ఇంట్లోనే పెరిగింది. గొర్రె ఈనితే, దానికి గుప్పెడు పచ్చగడ్డి పెట్టందే తను ముద్ద ముట్టేది కాదు. బాలింత పశువుకు పచ్చిమేత పెట్టకపోతే పాపమని మా ఒయాసిస్‌లో అందరం అనుకునేదే.

మా సముద్రం ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాక మా పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడసాగాయి. పొగ వల్ల అని మేము, బావినీళ్ళ వల్ల అని ఫ్యాక్టరీవాళ్ళు. ఏదో తేల్చడానికి రాజధాని ట్యూనిస్ నుంచి డాక్టర్ నజ్‌లా వచ్చి, పాత బడిలో ఎలుకల గదులు పెట్టింది. ఒక గదిలోకి ఊరి గాలి వస్తుంది, రెండో గదిలోకి వడగట్టిన గాలి. రెండింటికీ తిండీ నీళ్ళూ ట్యూనిస్ నుంచే. ఎలుకల పళ్ళు మామూలుగా పసుపు రంగు. పొగలోని ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతే అవి తెల్లబడి చారలు తేలతాయట. ఆ ఎలుకలను చూసుకునే పని మెహ్రజియాకు ఇప్పించింది కూడా నేనే.

కాఫీ కొట్టు జీలానీ ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా, ఎలుకలకు పురుళ్ళు పోస్తున్నావట?"

"ఓ బోను ఖాళీగా ఉంది మామా, వస్తావా?" అనేది.

ఏడాది గడిచాక డాక్టరమ్మ ఎలుకల నోళ్ళు తెరిచి చూసింది. వడగట్టిన గాలి వచ్చే శుభ్రమైన గదిలోనూ తల్లుల పళ్ళకు చారలున్నాయి. రెండు గదులూ ఒకేలా ఉంటే పొగ తప్పేమీ లేదని ఫ్యాక్టరీవాళ్ళు గెలిచినట్టే. ఆ సాయంత్రం మెహ్రజియా నా మడి దగ్గరికి వచ్చింది.

"పెదనాన్నా, శుభ్రమైన గదిలో బాలింతలకు నేను లూసర్న్ పెట్టాను."

"పెడితే ఏం? మంచిదేగా."

"పొగ గదివాటి మీదే పరీక్ష, ఇవి ఊరికే ఉన్నాయి కదా అనుకున్నా. పెట్టింది నీ మడిలోదే."

"నా గడ్డిని అంటున్నావా? ఈ మట్టికి ఎన్ని బహుమతులొచ్చాయో మర్చిపోయావా?"

"మట్టినేం అనట్లేదు. ఆ పొగ నీ చేను మీదా పడుతోందిగా. డాక్టరమ్మకు చెబితే నీ గడ్డి ఎవరూ కొనరు. చెప్పకపోతే పిల్లల సంగతి గాల్లో కలిసిపోతుంది. అందుకే ముందు నీ దగ్గరికొచ్చా."

"నా లూసర్న్ తిని ఏ గొర్రె చచ్చింది చెప్పు?"

"చావలేదు. దాని నోరు ఎప్పుడైనా తెరిచి చూశావా?"

పక్కనే మా గొర్రె కట్టేసి ఉంది. రెండో ఈతదే, వయసేం లేదు. దవడ పట్టి తెరిచాను. పళ్ళు గోధుమరంగు తిరిగి, చిగుళ్ళ దాకా అరిగిపోయాయి. మేతకు తెగ సతాయిస్తోందని దాన్ని తిట్టుకుంటూ వచ్చానిన్నాళ్ళూ. కొడవలి తీసుకుని ఒక మోపు కోశాను.

"నువ్వెందుకు పెదనాన్నా? నేను చెప్తాలే."

"గడ్డి నాది. నేనూ వస్తా."

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది.

"ఏడాది పని, మెహ్రజియా."

"తెలుసు డాక్టరమ్మా. పొమ్మంటే పోతాను."

"పోతే ఎలా? మళ్ళీ మొదటి నుంచి ఎవరు చేస్తారు?" అంటూ ఆమె మోపును దగ్గరికి లాక్కుంది. "ఇది ఎక్కడ పండిందో చూపించండి. దీనికి ఇంకో గది పెట్టాలి."

గొర్రెలవాళ్ళు ఇప్పుడు నా మడి వైపు రావడం లేదు. మెహ్రజియా గదుల్లోకి వెళ్ళేముందు గడ్డిపరక కూడా మిగలకుండా జేబులు దులుపుకుంటోంది. బాలింత ఎలుక ఊచలు పట్టుకుని చూస్తే, "ఓపిక పట్టవే" అంటుందట. మూడో గదిలోవి మాత్రం శుభ్రమైన గాలి పీల్చుకుంటూ నా గడ్డి తింటున్నాయి. తలుపు మీద బెల్‌గాసెమ్ లూసర్న్ అని నా పేరు రాయించాను. వాటి కోసం లేత చివుళ్ళే ఏరి కోస్తాను. నా మడిలోంచి నాసిరకం గడ్డి ఏనాడూ బయటికి పోలేదు.