జిలేబి అంచు

అరవదేశం గుడియాత్తంలో నాగలింగం యెవరంటే నలుగురు తల గోక్కుంటారు. జిలేబి అంచు తువ్వాలలు నేసే ఆయన యాడుంటాడంటే మాత్రం చంటిబిడ్డ కూడా ఇల్లు చూపిస్తాది. తెల్లటి తువ్వాల, రెండు కొసల్లో యెర్రదారంతో జానెడు పొడుగున మెలికలు తిరిగిన డిజైను. జిలేబి అని బజారోళ్ళు పెట్టిన పేరది. వాళ్ళ నాయన మొదలుపెట్టినాడు, అరవై రెండేళ్ళ నాగలింగం ఈ రోజుకీ అదే నేస్తా ఉండాడు.

వాళ్ళ నాయన పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకోని, "యేం మార్చినా అంచు మాత్రం మార్చొద్దురా, మీయమ్మ ఒప్పుకోదు" అన్నాడు. పక్కనే కూర్చోనున్న సరస్వతమ్మ బిత్తరపోయి, "నాకేమప్పా, మార్చుకుంటే మార్చుకోనీ!" అనింది.

సరస్వతమ్మ సవితి తల్లి. సవితి తల్లంటే కథల్లో చెప్పే రకం కాదు, బంగారమంటి మనిషి. కన్నతల్లి నాగలింగాన్ని పది నెలల బిడ్డగా వదిలేసి కన్ను మూసింది. ఆమె పేరేందో ఇంట్లో యెవురూ పలకలేదు. అడిగితే సరస్వతమ్మ మనసు నొచ్చుకుంటాదని ఈయనా అడగలేదు. ఆమెదని మిగిలింది ఒక ఇత్తడి చెంబు. దాని మెడ మీద చుక్కలు కొట్టి చెక్కిన అరవ అక్షరం ఒకటే ఒకటి, 'ప'. "ప అంటే పాలు నాయనా, అది పాలచెంబు" అని సరస్వతమ్మ చెప్పింది. ఆ చెంబులో ఒక్కనాడూ పాలు పొయ్యలేదు. అయినా ఈ మహానుభావుడు అరవై యేండ్లు నమ్మినాడు.

ఇంక వేలూరు పక్కనుండే సత్తువాచారికి రండి. అక్కడొక గవర్నమెంటు ఆఫీసు. యే ఆఫీసని నన్నడగొద్దు, వాళ్ళే ఇప్పుడు అన్నీ దాచిపెట్టే పనిలో ఉండారు. వాళ్ళ గెస్టుహౌసుకి యాభై తువ్వాలలు కావాల్సొచ్చినాయి. చిన్న కొనుగోలు, టెండరక్కర్లేదు, మూడు కొటేషన్లు చాలు. ఆ యవ్వారం చూసేది సూపరింటెండెంటు జానకిరామన్. యెవురి దగ్గరా ఒక కాఫీ కూడా తాగని మనిషి. ఆయనకుండే జబ్బల్లా భయం.

ఆ నెలే పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. చిన్న కొనుగోళ్ళ ఫైళ్ళల్లో బతికున్న మనుషుల పేర్లూ, ఫోన్ నెంబర్లూ, అడ్రసులూ బయటోళ్ళ కంట పడకూడదంట. 'బయటోళ్ళ' అనే మాట జానకిరామన్ కంట పడలేదు. లావుపాటి నల్ల మార్కరొకటి తెప్పించుకోని, మూడు కొటేషన్లల్లోనూ పేరూ ఊరూ సంతకం అన్నీ శ్రద్ధగా పూసేసినాడు. పూసినాక గదా తెలిసింది, యేది యెవురిదో ఆయనకే తెలీదని! పోనీ ఫోన్ చేసి అడుగుదామంటే నెంబర్లూ ఆ నలుపు కిందనే ఉండాయి.

గతిలేక కొటేషన్లకి కుట్టిన శాంపిళ్ళు ముందరేసుకోని కూర్చున్నాడు. అటెండరు ఒకదాన్ని చూసి, "ఇది మన గుడియాత్తం జిలేబి అంచు కదా సార్" అన్నాడు. అంతే, ఆర్డరు మీద 'జిలేబి అంచు, గుడియాత్తం' అని రాసి టపాలో వేసినారు. ఆ కవరు మూడోనాడు నేరుగా నాగలింగం చేతికొచ్చి చేరింది.

నాగలింగం యాభై తువ్వాలలూ మూట కట్టుకోని వేలూరు బస్సెక్కినాడు. ఆఫీసు గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయమన్నారు. రాసినాడు. సిరా ఆరకముందే దాని మీద నలుపు పూసినారు. యీయనకి వింతగా ఉన్నా, పెద్ద ఆఫీసు కదా, యేదో పద్ధతి ఉంటాదిలే అనుకున్నాడు.

తువ్వాలలు లెక్కపెట్టుకోమని మోహనకి అప్పజెప్పినారు. ఆ పిల్ల కొత్తగా చేరిన గుమస్తా, చిన్నప్పుడు చిత్తూరులో మేనత్త ఇంట్లో ఉండి కొన్నాళ్ళు తెలుగు బడికి పోయింది. పది తువ్వాలలు లెక్కపెట్టి ఆగిపోయింది.

"సార్, ఇందులో పేరుండాది."

"యాడ?" అని జానకిరామన్ కుర్చీలోంచి లేచినాడు.

"ఈ అంచులో. ఇది డిజైను కాదు సార్, తెలుగు. పచ్చయమ్మ."

జానకిరామన్ ఇంట్లో మాట్లాడేది తెలుగే, నాగలింగమూ అంతే. చదవమంటే మాత్రం ఇద్దరికీ ఒక్క అక్షరమూ రాదు, ఇద్దరూ అరవ బడి పిల్లకాయలే. తెలుగు అక్షరాలని జిలేబీలని యెక్కిరించినోళ్ళే గానీ, జిలేబీల్లో అక్షరాలుంటాయని యెవురికి తెలుసు!

"అయ్యయ్యో! యాభై తువ్వాలలు, రెండేసి కొసలు. నూరు చోట్ల ఒక ఆడమనిషి పేరు! దీంతో ఆఫీసర్లు మొగం తుడుచుకోవాల్నా?" జానకిరామన్‌కి చెమటలు పట్టినాయి. "పెద్దాయనా, ఆ పచ్చయమ్మని పిల్చుకోనొచ్చి సమ్మతి రాసిప్పించు. కాదంటే అంచులు కత్తిరించి తీసుకురా. అదీ కాదంటే నేనే పూసేస్తా." మార్కరు మూత తీసి, పై తువ్వాల దగ్గరికి లాక్కున్నాడు.

నాగలింగానికి యేమీ వినబడలేదు. పచ్చయమ్మ. చెంబు మీద ప. మీయమ్మ ఒప్పుకోదు. నాయన చెప్పిన అమ్మ సరస్వతమ్మ కాదు, ఆమె యెందుకు బిత్తరపోయిందో ఇప్పుడు తెలిసింది. వీధిబడిలో నాలుగు తెలుగు అక్షరాలు నేర్చుకున్న నాయన, నోటితో పలకలేని పేరుని మగ్గంలో పెట్టినాడు. నాగలింగం మార్కరుకి అడ్డంగా తువ్వాల మీద చెయ్యి పెట్టినాడు. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

"సార్, పూయొద్దు. ఆమె మాయమ్మ."

"మీయమ్మేనా? ఇంకేం, ఫోన్ చేసి రమ్మను."

"రాలేదు సార్. నేను చంటిబిడ్డగా ఉన్నప్పుడే పోయింది."

జానకిరామన్ సర్క్యులర్ తీసి మూడుసార్లు చదివినాడు. మొగం విప్పారింది. "బతికున్న మనిషి అనే ఉండాది! ఆమె లేదు కాబట్టి, ఆమె పేరుండొచ్చు." మళ్ళీ భయం పట్టుకుంది. "లేదనేదానికి రుజువేమి?"

"నేనే సార్ రుజువు" అన్నాడు నాగలింగం. "అరవై రెండేళ్ళు కన్నతల్లి పేరు తెలీకుండా బతికినాను. ఉండుంటే చెప్పుండదా?"

జానకిరామన్ మార్కరు మూత పెట్టినాడు. తువ్వాలలు అప్పజెప్పినట్టు కాయితం మీద నాగలింగం చేత సంతకం పెట్టించుకున్నాడు. పెట్టించుకోని, మళ్ళీ మూత తీసి సంతకం మీద నలుపు పూసినాడు. "యేమనుకోవద్దప్పా, నువ్వు బతికుండావు కదా" అన్నాడు.

మోహన వాకిలి దాకా సాగనంపను వచ్చింది. నాగలింగం తన భుజం మీదుండే జిలేబి అంచు తువ్వాల ఆమె ముందర పరిచి, "ఇంకొకసారి చదవమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఆయన వేలు పట్టుకోని ఒక్కొక్క అక్షరం మీద పెడతా చదివింది. చివర్లో కొంచెం తటపటాయించింది.

"నాయనా, ఇందాక సార్ ముందర చెప్పలేదు. ఇందులో ఒక తప్పుండాది. పేరయితే 'మ్మ' దగ్గర ఆగిపోవాల. ఇక్కడ దీర్ఘముండాది. పచ్చయమ్మా అని యెవురో పిలస్తా ఉన్నట్టుండాది."

నాగలింగం ఆ కొస అక్షరం మీదే వేలుంచినాడు. "మా నాయన నేసినప్పుడు ఈ కొక్కెం లేదమ్మా. ఆయన పోయినాక, కొస మొండిగా ఉండాదని, ఇంతదానికి మార్చినట్టు కాదులే అనుకోని, మగ్గం మీద డిజైను నడిపించే జకార్డు అట్టలో నేనే నాలుగు చిల్లులు ఎక్కువ కొట్టినాను. ముప్పై యేండ్లయింది."

"ఇప్పుడు సరిచేస్తారా?"

"యాడ సరిచేసేది" అని తువ్వాల మడిచి భుజానేసుకున్నాడు. "ఇన్నాళ్ళూ తెలీకుండా పిలిచినాను. రేపట్నుంచి తెలిసి పిలస్తాను."