పేరు చెప్పని వేపుడు

యాభై దాటిన సోషల్ మాస్టారు, రోజూ బీపీ మాత్ర వేసుకునే మనిషి, బొబ్బిలిలో ఒక ఫాస్ట్‌ఫుడ్ కొట్టు ముందు తన తొమ్మిదో తరగతి పిల్లల వెనకాల ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం నిలబడటం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. పొద్దున అసెంబ్లీలో "బయట నూనె సరుకులు తినకండర్రా" అని చెప్పింది ఈ నోరే. పిల్లలేమో "సార్, ముందు మీరు తీసుకోండి" అని పక్కకి జరుగుతారు. తిట్టినా బాగుండును. అయినా వెళ్తాను. నూనెలోంచి జల్లెడ పైకి తీసి, విదిలించి, ఉప్పు చల్లి ఎగరేసే చప్పుడు చెవిన పడితే నా కాళ్ళు నా మాట వినవు. బజ్జీకి శనగపిండి కావాలి, బూరెకి బెల్లం కావాలి. వీటికి దుంప, ఉప్పు, వేడి చాలు. చల్లారితే ఎందుకూ పనికిరావు. రేపటికి దాచుకునే యోగం లేదు కాబట్టే, దొరికిన పూటే పండగ చేసుకోవాలి.

ఆ పండగ ఎలా చేసుకోవాలో నాకు నేర్పింది మా పెద్దమ్మ. అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. పిల్లల్లేరు, నేనే కొడుకుని. బొబ్బిలికి ఆటో దూరంలో ఉన్న పల్లెలో ఉంటుంది. ఎనభై నిండినా చోళ్ళు, అంటే రాగులు, తనే ఎండబోసుకుని, తనే చెరిగి, ఆ పిండితోనే అంబలి కాచుకుంటుంది.

ఆవిడకో పట్టుదల ఉంది. విజయనగరం వాళ్ళతో కలిసి పరాసులు బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిననాడు, మా పూర్వీకుడొకాయన ఆ కోటలోనే పోయాడని ఆ ఇంట్లో అందరి నమ్మకం. రుజువేదని నేను ఒకసారి అడిగాను. "నీ పుస్తకం నిన్న పుట్టింది. మా తాత మాట అంతకు ముందుది" అని నోరు మూయించింది. పరాసోడి పేరున్నది ఏదీ ముట్టనని చిన్నప్పుడు ఆ తాతకే చేతిలో చెయ్యేసి చెప్పిందట. మాట తప్పినవాడిని ఆ ఇంట్లో "పరాసు బుద్ధి" అని తిడతారు. ఫ్రెంచివాళ్ళంటే పరాసులేనని ఆవిడకి చెప్పింది మాత్రం నేనే, బడికెళ్ళే రోజుల్లో, చదువు చూపించుకోవాలని.

ఒకసారి కూరల బండివాడు "ఫ్రెంచి బీన్స్" అని కేకేశాడు. అప్పటికే ఏరుకున్న కాయలన్నీ తిరిగి కుప్పలో పోసేసింది. పక్క బండివాడు అవే కాయల్ని ఉత్త బీన్సు అన్నాడు. అర కేజీ కొంది. నేను పగలబడి నవ్వాను.

"నవ్వితే నవ్వు. పేరు ఇనకపోతే దోసం నేదు. ఇన్నాక ముడితే మాట తప్పినట్టే" అంది.

ఆ ముక్క నా బుర్రలో ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో కిందటి వానల్లో తెలిసింది.

అప్పుడు ఆవిడకి జ్వరం వచ్చి తగ్గింది గానీ నోటికి హితవు పోయింది. అంబలి రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేసేది. చూడ్డానికి వెళ్తూ, దారిలో తిందామని ఒక డబ్బా కొనుక్కున్నాను. ఆటోలో జనం ఉండి సిగ్గేసి తినలేదు. అరుగు మీద కూర్చోగానే నా సంచిలోంచి వాసన ఆవిడ దాకా వెళ్ళింది.

"ఏటిరా అది?"

"దుంపల ఏపుడు, పెద్దమ్మా. సన్నగా కోసినారు."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే నా తెలివి. ఒక ముక్క తీసుకుని నమిలింది. ఇంకొకటి తీసుకుంది. నెలరోజుల తర్వాత ఆ ముఖంలో ఆకలి చూశాను.

"ఒరే, పైన కరకర, నోపల ఎన్న. ఎవుడు కనిపెట్టినాడురా దీన్ని?"

"ఎవుడో వంటోడు" అన్నాను.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం అదే వరస. ఆవిడ పొద్దున్నే అరుగు కడిగి, చోడంబలి చల్లార్చి, ఉల్లిపాయ పక్కన పెట్టేసి, నా కోసం చూసేది. డబ్బా మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడతాయి, తీసేస్తే చల్లారిపోతాయి. అందుకని మూత ఓరగా పెట్టి, తువ్వాలు చుట్టి, ఆటోవాడిని తొందరపెట్టి తీసుకెళ్ళేవాణ్ణి. సాసు పొట్లాన్ని "ఈ ఎర్రపాకం మనకెందుకు" అని అవతల పడేసేది. అంబలి ఒక గుక్క, దుంప ఒక ముక్క. పక్కింటావిడని పిలిచి ఆమె చేతిలోనూ నాలుగు పెట్టి "మా వోడు తెచ్చినాడు" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది. అయినా వచ్చే ఆదివారం మళ్ళీ డబ్బాతో హాజరు.

ఆవిడకి ఎనభై నిండినప్పుడు ఊళ్ళో పందిరి వేయించి అందరికీ భోజనాలు పెట్టాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ సన్న దుంపలు ఏయించరా." వంటాయన్ని పక్కకి పిలిచి, దాని పేరు మాత్రం ఎవరూ పలక్కూడదని చెప్పాను. ఆయన విచిత్రంగా చూసి సరేనన్నాడు. వడ్డన వాళ్ళకి చెప్పాలన్న సంగతి ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మొదటి బంతిలో పెద్దమ్మ మొదటి ఆకు దగ్గర కూర్చుంది. ఆవిడ ఆకులో వేపుడు పడింది, తినడం మొదలుపెట్టింది. వడ్డించే అతను నాలుగు ఆకులు దాటి వెళ్ళి హుషారుగా కేకేశాడు.

"ఫ్రెంచ్ ఫ్రైస్, ఫ్రెంచ్ ఫ్రైస్! ఎవరికండీ ఫ్రెంచ్ ఫ్రైస్?"

వరసకి బావ అయ్యే ఒకాయన ఊరుకోవచ్చు కదా. "ఏటత్తా, పరాసోళ్ళ దుంపలు తింతన్నావా? తాత నెగిసొస్తాడు సూడు!" అన్నాడు. బంతంతా గొల్లుమంది. ఆ పట్టుదల తెలియని చుట్టం ఎవరూ లేరక్కడ.

పెద్దమ్మ చేతిలో సగం కొరికిన ముక్క ఉంది. నవ్విన వాళ్ళనెవరినీ చూడలేదు. నన్ను చూసింది. కూర గిన్నె పట్టుకుని నిలబడిన నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. లేస్తుందనుకున్నాను. పెద్దావిడ ఆకు మీంచి లేస్తే బంతిలో ఇంకెవరూ తినకూడదు, అందరూ లేవాల్సిందే. ఆవిడ లేవలేదు. తల వంచుకుని, ఆకులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తినేసింది. అంబలి గుక్క లేదు.

చేతులు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోశాను.

"మొదటినుంచీ ఎరుగుదువా?"

"ఎరుగుదును, పెద్దమ్మా."

"నాను నెగిసిపోతే బంతంతా నెగిసిపోద్ది. పిలిసినోడివి, నీ పరువు పోద్ది. అందికే తిన్నాను." చెయ్యి తుడుచుకుంది. "దుంపకి దోసం నేదురా."

దోషం ఎవరిదో చెప్పలేదు. చెబితే తేలికపడేవాణ్ణి. నా పరువు కోసం ఆ మనిషి డెబ్భై ఏళ్ళ మాట అందరి ముందూ నమిలి మింగింది. నోటికి హితవు రావాలనే చేశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. జ్వరం ఎప్పుడో తగ్గింది. నాకు కావలసింది ఆవిడ నోట "మా వోడు తెచ్చినాడు" అన్న మాట.

తర్వాతి ఆదివారం వెళ్ళకపోతే అది ఇంకా నీచమని వెళ్ళాను. డబ్బా కొన్నాను. తువ్వాలు చుట్టాను. అరుగు కడిగి ఉంది. అంబలి ఉంది, ఉల్లిపాయ ఉంది.

"ఏటి తెచ్చినావు?"

"ఫ్రెంచ్ ఫ్రైస్, పెద్దమ్మా."

"ఆఁ. ఇప్పుడు సెప్పినావు" అని డబ్బాని నా వైపు జరిపింది. తను ఉల్లిపాయ కొరికి అంబలి తాగింది. "తిను. సల్లారిపోతాయి."

తిన్నాను. 

"కరకరలాడతన్నాయా?"

మెత్తబడ్డాయని చెబితే ఆవిడకి బెంగ ఉండదేమో అనిపించింది. కానీ ఆవిడ దగ్గర ఇంకో అబద్ధానికి నాకు చోటు లేదు.

"ఆడతన్నాయి, పెద్దమ్మా."

"ఊఁ" అంది, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని. "ఇక్కడికి ఇనిపిస్తన్నాది."