హొన్నూరప్ప ఆడించని నాటకం

తుమకూరులో నాటకాల సంఘమొకటి కుర్ర దర్శకులకు ఏటా బహుమానం ఇచ్చేది. నచ్చిన నాటకం ఎంచుకో, ఆడించే ఖర్చు మాది అనేవాళ్లు. ఎనభై ఆరులో అది పావగడ తాలూకా మంగళవాడ హొన్నూరప్పకు వచ్చింది. గొర్లు కాసే ఇంటివాడికి బహుమానమేందని ఊరు ముందు నవ్వుకుంది, ఆ తర్వాత వేషాల కోసం ఎగబడింది.

అతను ఎంచుకున్నది తను రాసుకున్నదే. పాత కరువులో మేత కోసం మందను తోలుకుపోయి తిరిగిరాని మనిషి కథ. ఆ మనిషి వాళ్ల నాయన చిక్కన్న. శవం దొరకలేదు కాబట్టి తల్లి కదిరమ్మ గాజులు తియ్యలేదు, ఏడవనూ లేదు. నాయన కథ ఆడిస్తానని హొన్నూరప్ప ఆమెకు చెప్పాడు. అది చూసైనా అమ్మ ఒక్కసారి ఏడ్చి తేలికపడుతుందని పాపం అతని ఆశ.

అంతలో వాన మొహం చాటేసింది. శెనక్కాయ చెట్లకు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే అదను. నేలేమో బండ. కరువు వేషం కట్టిన ఊళ్లో కరువు తిష్ఠ వేస్తుందనీ, వాన కోసం ఎప్పుడూ ఆడే పౌరాణికమే ఆడాలనీ పెద్దమనిషి ఆదినారాయణప్ప తేల్చేశాడు. వేషగాళ్లంతా రైతులే. చిక్కన్న వేషం కట్టాల్సిన మల్లేశప్ప వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"నాకూ చేనుండాదప్పా. మీ నాయన వేషం కట్టి నా చేను నేనే ఎండబెట్టుకోలేను."

హొన్నూరప్ప మెత్తని మనిషి, అదే అతని ఖర్మ. వాన పడ్డాక తన నాటకం ఆడించుకోవచ్చులెమ్మని సర్దిచెప్పుకున్నాడు. సంఘం ఖర్చుతో కిరీటాలు, గదలు దిగాయి. కథ మారిందని తల్లికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

తుమకూరు నుంచి వచ్చినవాళ్లు ఆట సగంలోనే లేచిపోయారు. మళ్లీ ఈ వైపు చూడలేదు. వానా చూడలేదు. చేలు మాడిపోయాయి, మల్లేశప్ప బెంగళూరికి కూలికి పోయాడు, హొన్నూరప్ప మళ్లీ నాటకం మాట ఎత్తలేదు.

అవన్నీ అతను ఎలాగో దిగమింగుకున్నాడు. దిగమింగలేనిది ఆట ముగిసిన ఆ తెల్లారి. జనం చాపలు చుట్టుకుని వెళ్లిపోయారు. ముందు వరసలో కదిరమ్మ ఒక్కతే, పండక్కి కట్టే చీరలో కూర్చుని ఉంది. పక్కన చేరి ఇంటికి పోదామన్నాడు. ఆమె దించిన తెరవైపే చూస్తూ కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండప్పా. మీ నాయన ఇంకా రాలే."